సాయంత్రం కాఫీకి బదులు ధనియాల లాటే, జీడిపప్పు పాలతో

మా నాన్నకు సాయంత్రం అయిదయ్యేసరికి కాఫీ పడాలి. స్టీలు గ్లాసులో, పైన నురగ నిలిచి, చెయ్యి కాలేంత వేడిగా ఉండాలి. డెబ్బై దాటాక రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టడం లేదంటే, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ రెండూ మానేయమన్నారు డాక్టరు. పాలు తాగినప్పుడల్లా కడుపు ఉబ్బరంగా ఉంటోందన్న సంగతి కూడా అక్కడే బయటపడింది. దాంతో పాలూ తగ్గించమన్నారు. ఒక్కరోజులో రెండూ పోయాయి. ఆ వారమంతా అయిదు గంటలకు ఆయన వరండాలో పేపరు పట్టుకుని కూర్చుని, వంటింటి వైపు చూసి మళ్ళీ పేపర్లోకి తల దించుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

మొదటిసారి తులసి, అల్లం మరిగించి, షాపులో కొన్న బాదం పాలు కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి "బాగానే ఉందమ్మా, కషాయం తాగినట్టుంది" అన్నారు. ఆ మాట నిజమే. కాఫీలో మనం వెతుక్కునేది కెఫీన్ ఒక్కటే కాదు. వేయించిన గింజ వాసన, నాలుక మీద కాస్త చేదు, చిక్కదనం, నురగ, ఇవన్నీ కావాలి. ఆకులు మరిగించిన నీళ్ళలో ఏ పాలు పోసినా ఇవేవీ రావు. అందుకే చాలామంది ఇంట్లో హెర్బల్ లాటే, అంటే ఆకులో దినుసులో మరిగించిన డికాషన్‌లో నురగ పాలు కలిపిన పానీయం, ఒకసారి చేసుకుని, పలచగా ఉందని వదిలేస్తారు. తప్పు పాలది కాదు, డికాషన్‌ది. ముందు డికాషన్ చిక్కగా, వేయించిన రుచితో దిగాలి. ఆ తర్వాతే పాల సంగతి.

నాలుగైదు వారాలు అటూ ఇటూ మార్చి చూశాక మా ఇంట్లో నిలబడింది ధనియాలు, సొంఠి డికాషన్‌తో జీడిపప్పు పాలు. ధనియాల కాఫీ మనకు కొత్తేమీ కాదు, జలుబు చేస్తే పెద్దవాళ్ళు కాచి ఇచ్చేదే. తమిళనాడులో దీన్నే సుక్కు మల్లి కాపీ అంటారు. సుక్కు అంటే సొంఠి, మల్లి అంటే ధనియాలు. పేరులో కాఫీ ఉన్నా అసలు పద్ధతిలో కాఫీ గింజ ఉండదు. నేను చేసిందల్లా ధనియాలను ఇంకాస్త ముదురుగా వేయించి, చిక్కటి పాలు జోడించి, నురగ తెప్పించడమే.

ముందు కెఫీన్ గురించి నాలుగు మాటలు

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో లెక్క ఇలా ఉంది: 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజు మొత్తంలో 300 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువే. అంటే సాయంత్రం అయిదుకు తాగిన కాఫీలో సగం రాత్రి పదికి ఇంకా పని చేస్తూనే ఉంటుంది. పడుకున్నా కళ్ళు మూతపడవంటే కారణం ఇదే కావచ్చు.

కెఫీన్ వద్దనుకునేవాళ్ళు పేర్లు చూసి మోసపోకూడదు. గ్రీన్ టీ కూడా టీ ఆకే, అందులోనూ కెఫీన్ ఉంటుంది. "తులసి గ్రీన్ టీ" అన్న డబ్బాలో తులసితో పాటు తేయాకు ఉంటుంది. కెఫీన్ తీసేశామని అమ్మే డీకాఫ్ కాఫీలో కొద్దిగానైనా మిగులుతుంది. కోకో కలిపిన పొడుల్లోనూ కాస్త ఉంటుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న దినుసుల పట్టీ చదవండి. ధనియాలు, సొంఠి, మిరియాలు, జీలకర్ర, పసుపు, సోంపు, నిమ్మగడ్డి, సుగంధి వేరు, చికరీ, వీటిలో దేనిలోనూ కెఫీన్ లేదు.

పొడి: సగం పని ఇక్కడే

ధనియాలు 100 గ్రాములు, సొంఠి 25 గ్రాములు, మిరియాలు ఒక టీస్పూను, జీలకర్ర ఒక టీస్పూను. ఇద్దరికి రోజూ చేసుకుంటే పది పన్నెండు రోజులు వస్తుంది. ఒకేసారి అరకిలో చేసి పెట్టుకోవద్దు, వాసన పోతుంది.

సొంఠి కొనేటప్పుడు కొమ్ము మీద తెల్లగా పౌడరు అద్దినట్టుంటే అది సున్నం. పురుగు పట్టకుండా, తెల్లగా కనబడేందుకు పట్టిస్తారు. తడిగుడ్డతో గట్టిగా తుడిచి ఒక పూట ఎండలో పెట్టండి. కొమ్ముల్ని నేరుగా మిక్సీలో వేయకండి, బ్లేడు అరుగుతుంది, కొమ్ము మాత్రం నలగదు. చిన్న రోట్లో దంచి ముక్కలు చేసి, సన్నటి మంట మీద రెండు నిమిషాలు వేడిచేస్తే పెళుసుబారతాయి. అప్పుడు సులువుగా పొడి అవుతాయి.

ఇక ధనియాలు. వాటిలో పుల్లలు, మట్టిబెడ్డలు ఏరేసి మందపాటి మూకుడులో వేయండి. మంట సిమ్‌లోనే ఉంచి, గరిటె ఆపకుండా తిప్పండి. మొదటి రెండు మూడు నిమిషాలు పచ్చి వాసన, కొంచెం నారింజ తొక్కను తలపించే వాసన వస్తుంది. సాంబారు పొడికైతే మనం ఆ తర్వాత కాసేపట్లోనే దించేస్తాం. ఇక్కడ దించకండి. నాలుగైదు నిమిషాలకు సన్నగా చిటపట మొదలవుతుంది. పచ్చి వాసన తగ్గి వేయించిన పల్లీ వాసన పైకి వస్తుంది. ఒక గింజ తీసి కొరికి చూడండి. సాగకుండా కరకరమంటూ విరగాలి, లోపల కూడా రంగు మారి ఉండాలి. పైన రంగు వేరుశనగ పొట్టంత ముదురుగా రావాలి. నా స్టవ్ మీద ఇదంతా ఏడెనిమిది నిమిషాల పని. అక్కడినుంచి నల్లబడటానికి అరనిమిషం కూడా పట్టదు. కాబట్టి పక్కన వెడల్పాటి పళ్ళెం ముందే పెట్టుకుని, రంగు రాగానే అందులో ఒంపేయండి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి. మాడిన ధనియాలకు మందు లేదు, ఎంత బెల్లం వేసినా ఆ చేదు పోదు. పారేసి మళ్ళీ మొదలుపెట్టడమే నయం.

అదే మూకుడులో మిరియాలు, జీలకర్ర ఒక్క నిమిషం వేయించండి.

అమెరికాలోనో లండన్‌లోనో అపార్టుమెంటులో ఉండేవాళ్ళు వేయించే ముందు కిటికీ తీసి, పొయ్యి పైన ఫ్యాన్ వేసుకోండి. ధనియాలు ముదురుగా వేగేటప్పుడు వచ్చే పొగకు స్మోక్ అలారం మోగుతుంది. మా చెల్లి ఫోన్లో మొదట అడిగింది దాని గురించే.

అన్నీ పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మెత్తటి పొడి అక్కర్లేదు, బొంబాయి రవ్వంత బరకగా చాలు. మెత్తగా చేస్తే గ్లాసు అడుగున బురదలా దిగుతుంది, వడకట్టినా ఆగదు. సొంఠి పీచు మిగిలితే అలాగే ఉండనివ్వండి, మరుగుతున్నప్పుడు అందులోంచి కూడా ఘాటు దిగుతుంది. తడిలేని గాజు సీసాలో పోసి మూత బిగించండి. యాలకులు ఈ పొడిలో కలపకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

పాలు

మొక్కల పాలలో నేను ముందు జీడిపప్పునే ఎందుకు చెబుతానంటే, దీనికి వడకట్టే పని లేదు, పిప్పి మిగలదు. పైగా జీడిపప్పులో పిండిపదార్థం ఉంటుంది, వేడి తగలగానే తనంతట తానే చిక్కబడుతుంది. కాచిన గేదెపాలకు ఉండే నిండుదనం దగ్గరదగ్గరగా వచ్చేది దీనితోనే.

రెండు పెద్ద గ్లాసులకు 40 గ్రాముల జీడిపప్పు, అంటే దాదాపు గుప్పెడు. గుండు పప్పు అవసరమే లేదు. పలాసలోనైనా వేటపాలెంలోనైనా ముక్కలు తక్కువ ధరకే ఇస్తారు, నానబెట్టి రుబ్బేదానికి అవి చాలు. వేయించినది, ఉప్పు చల్లినది మాత్రం వద్దు. వేడినీళ్ళలో అరగంట, మామూలు నీళ్ళలో అయితే రెండు మూడు గంటలు నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి పప్పు కడగండి.

రుబ్బడంలో ఒక్క కిటుకు ఉంది. నీళ్ళన్నీ ఒకేసారి పోయకండి. పప్పుకు అరకప్పు కంటే తక్కువగా, సుమారు 80 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ముందు రెండు నిమిషాలు ముద్దగా రుబ్బండి. మధ్యలో ఒకసారి ఆపి జార్ అంచుల్ని గరిటెతో కిందికి తోయండి. రెండు వేళ్ళ మధ్య కొద్దిగా రాసి చూస్తే రవ్వ తగలకూడదు, వెన్నలా జారాలి. అప్పుడు మిగతా 250 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ఇంకో అరనిమిషం తిప్పండి. మొదటే నీళ్ళు ఎక్కువైతే పప్పు ముక్కలు బ్లేడుకు దొరక్కుండా నీళ్ళలో తిరుగుతాయి, ఎంతసేపు తిప్పినా రవ్వ మిగిలిపోతుంది.

బాదం అయితే రాత్రంతా నానబెట్టి, తొక్కతీసి, రుబ్బి, పల్చటి గుడ్డలో పిండాలి. వాసన బాగుంటుంది, చిక్కదనం తక్కువ. ఓట్స్ పాలు రుచికి తియ్యగా ఉంటాయి కానీ ఇంట్లో చేసినవి పొయ్యి మీద పెడితే జిగురుగా సాగుతాయి. చల్లటి నీళ్ళతో అరనిమిషమే తిప్పి, గుడ్డను పిండకుండా వడకట్టి, మరిగించకుండా గోరువెచ్చగా వాడుకుంటేనే పనికొస్తాయి. పల్లీ పాలు చవక, అయితే పచ్చి వాసన పోవాలంటే బాగా కాచాలి. కాచాక కూడా డికాషన్ రుచిని పల్లీ మింగేస్తుంది. నాకు నచ్చలేదు. సోయా కూడా పచ్చిగా పనికిరాదు, బాగా మరిగించి తీరాలి. రోజువారీ పనికి అది బరువే.

కొన్న పాకెట్లు వాడేవాళ్ళకు ఒక మాట. మన దేశంలో 2021 నుంచి ఆహార భద్రతా సంస్థ మొక్కల పానీయాల మీద "పాలు" అన్న మాట వాడొద్దని గట్టిగా చెబుతోంది. కొబ్బరిపాల వంటి వాటికి మినహాయింపు ఉంది. అందుకే అరల్లో "ఆల్మండ్ డ్రింక్", "ఓట్ బెవరేజ్" అని కనబడతాయి, వెతికేటప్పుడు కంగారు పడొద్దు. చక్కెర కలపనిది చూసి తీసుకోండి. "బరిస్టా" అని ఉన్నవి నురగ కోసం ప్రత్యేకంగా చేసినవి, లాటేకు అవే కుదురుతాయి. వాడేముందు బాగా కుదపండి.

డికాషన్

దీనికి ఇత్తడి కాఫీ ఫిల్టరు వాడకండి. ధనియాల పొడి తడవగానే ఉబ్బి ఫిల్టరు కన్నాల్ని మూసేస్తుంది, గంటైనా చుక్క దిగదు. గిన్నెలో మరిగించడమే పద్ధతి.

ఇద్దరికి 300 మిల్లీలీటర్ల నీళ్ళు పెట్టి, మరుగుతుండగా నాలుగు టీస్పూన్ల పొడి వేయండి. మంట తగ్గించి, నీళ్ళు సగమయ్యేదాకా, ఎనిమిది నిమిషాలు అటూ ఇటూగా మరగనివ్వండి. పొంగుతుంది, దగ్గరే ఉండండి. సగానికి వచ్చాక చెంచాతో తీసి తెల్ల పళ్ళెంలో ఒక చుక్క వేసి చూడండి. పలచటి టీ రంగులో ఉంటే ఇంకా కాలేదు. తేనె కంటే ముదురుగా ఉంటే అయినట్టే. ఈ దశలో ఊరికే తాగితే ఘాటుగా, "ఇంత గట్టిగానా" అనిపించాలి. పాలు పడ్డాక అది సరైన రుచికి దిగుతుంది. చాలామంది ఇక్కడే తడబడతారు. డికాషన్ రుచి చూసి, తాగడానికి సరిగ్గా ఉందని దించేస్తారు, తర్వాత పాలు కలిపితే చప్పబడుతుంది.

కాఫీ చేదు లేకపోతే సాయంత్రం గడవదనుకునేవాళ్ళు చివరి నిమిషంలో అర టీస్పూను చికరీ వేసుకోండి. చికరీ ఒక మొక్క వేరు, దాన్ని వేయించి పొడి చేస్తారు. మన ఫిల్టరు కాఫీకి ఆ నల్లటి రంగు, చిక్కదనం చాలావరకు దానివల్లే వస్తాయి. అయితే పాకెట్లో అమ్మే కాఫీ-చికరీ మిశ్రమం వాడొద్దు. నిబంధనల ప్రకారం అందులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే కెఫీన్ ఉన్నట్టే. గింజలు మరపట్టి ఇచ్చే కాఫీ పొడి దుకాణంలో ఉత్త చికరీ విడిగా అడిగితే దొరుకుతుంది. ఒకే జాగ్రత్త: చికరీలోని పీచు కొందరికి గ్యాస్ చేస్తుంది. మా నాన్నకు పావు టీస్పూను సరిపోయింది, అర టీస్పూనుకు ఇబ్బంది పడ్డారు.

స్టవ్ కట్టేసి, రెండు చిన్న ముక్కల తాటిబెల్లమో మామూలు బెల్లమో అందులో వేసి, మూతపెట్టి మూడు నిమిషాలు వదిలేయండి. పొడి అడుక్కి దిగుతుంది, బెల్లం కరుగుతుంది. తర్వాత సన్నటి జల్లెడలో వడకడితే పొడితో పాటు బెల్లంలో ఉండే ఇసుక, నలకలూ పోతాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు బెల్లమైతే పర్వాలేదనుకోకండి, రెండూ ఒకటే లెక్క. మా నాన్నకు షుగర్ లేదు కాబట్టి వేస్తున్నాను.

పాలు కాచి, కలిపి, నురగ తెప్పించడం

డికాషన్ మరిగేలోపే పక్క స్టవ్ మీద జీడిపప్పు పాలు పెట్టేయవచ్చు. సిమ్‌లో, కలుపుతూనే ఉండండి. మొదట నీళ్ళలాగే ఉంటాయి. నాలుగో నిమిషం దగ్గర గరిటెకు పూతలా అంటుకోవడం మొదలవుతుంది. గరిటె వెనకవైపు వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. అంచుల్లో మొదటి బుడగ రాగానే దించేయండి. అక్కడ ఆపకపోతే కాసేపటికే పాలు జావలా అయిపోతాయి. అయినా కంగారేం లేదు, కొన్ని వేడినీళ్ళు పోసి కలిపితే తిరిగి పలచబడతాయి.

ఒక గ్లాసులో 75 మిల్లీలీటర్ల డికాషన్‌కు 130 మిల్లీలీటర్ల దాకా పాలు, అంటే దాదాపు ఒకటికి రెండు. డికాషన్ ముందు పోసి, దాని మీద పాలు సన్నటి ధారగా కలపండి. డికాషన్ సలసల మరుగుతున్నప్పుడు కాదు, ఒక నిమిషం ఆగి.

నురగకు మూడు దారులు. గ్లాసు, డబరా ఉంటే కాఫీని తిరగబోసినట్టే నాలుగైదుసార్లు ఎత్తునుంచి పోయండి. చేతిలో పట్టే బ్యాటరీ బీటర్ ఉంటే ఇరవై సెకన్లు చాలు. నాకు అన్నిటికంటే నచ్చింది మజ్జిగ చిలికే చిన్న చెక్క కవ్వం. లోతైన గిన్నెలో లాటే పోసి, గిన్నెను కాస్త వంచి, కవ్వం తల సగం మునిగేలా పెట్టి రెండు అరచేతుల మధ్య గబగబా తిప్పండి. తల పూర్తిగా ముంచితే గాలి లోపలికి పోదు, నురగ రాదు. సగం పైన, సగం కింద ఉంటే నిమిషంలో సన్నటి బుడగల పొర కడుతుంది, గ్లాసులో పోసినా చెదిరిపోదు. కానీ దీనికోసం విడిగా ఒక కవ్వం కొనుక్కోండి. మజ్జిగ కవ్వం ఎంత కడిగినా చెక్కలో పులుపు మిగులుతుంది, అది పాలను విరగ్గొడుతుంది. పాలు పడనివాళ్ళకు చేస్తున్నప్పుడైతే మరీ ముఖ్యం.

వేడి లాటేను మిక్సీ జార్లో పోసి మూత బిగించి తిప్పకండి. ఆవిరి మూతను పైకి ఎగదన్నుతుంది. నాకలాగే చెయ్యి కాలింది, మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది.

నురగ వచ్చాక పైన రెండు యాలకులు దంచి చల్లండి. మరిగించిన యాలక్కంటే అప్పటికప్పుడు దంచిన యాలక్కి వాసన ఎక్కువ.

ఇలా చేసి ఇచ్చిన రోజు నాన్న ఏమీ మాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేసి, "ఇంకో అరగ్లాసు ఉందా అమ్మా?" అని అడిగారు.

విరిగిపోతే

మొక్కల పాలు విరగడానికి కారణాలు రెండు: పులుపు, ఎక్కువ వేడి. పులుపు తగిలితే వాటిలోని మాంసకృత్తులు గడ్డకట్టి రేకుల్లా విడిపోతాయి. బాదం, సోయా దీనికి త్వరగా లొంగుతాయి. అందుకే మందార పూల కషాయం, ఉసిరి, నిమ్మరసం వేసినవి లాటేకు పనికిరావు, వాటిని పాలు లేకుండానే తాగండి. బెల్లాన్ని పాలలో వేసి కాచినా కొన్నిసార్లు ఇదే జరుగుతుంది, అందుకే నేను డికాషన్‌లో కరిగించమన్నాను. కాస్త విరిగితే తాగడానికి ప్రమాదమేమీ లేదు, గట్టిగా చిలికితే చాలావరకు కలిసిపోతుంది. కాచి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు పైన నీరు, కింద చిక్కగా విడిపోతే అది విరగడం కాదు, కుదిపి వాడుకోండి. జీడిపప్పు పాలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. పుల్లటి వాసన వస్తే పారబోయండి.

ఇదే పద్ధతిలో మరో రెండు

వానాకాలం గొంతు పట్టేసినప్పుడు కొబ్బరిపాలతో పసుపు లాటే చేయండి. కొబ్బరి తురుముకు గోరువెచ్చటి నీళ్ళు పోసి రుబ్బి పిండితే వచ్చే మొదటి పాలు పక్కన పెట్టి, రెండోసారి తీసిన పలచటి పాలలో అర టీస్పూను పసుపు, నాలుగు దంచిన మిరియాలు, చిన్న సొంఠి ముక్క వేసి అయిదు నిమిషాలు కాయండి. దించాకే మొదటి పాలు కలపండి. చిక్కటి కొబ్బరిపాలను మరిగిస్తే నూనె పైకి తేలి విడిపోతుంది, కోనసీమలో కొబ్బరిపాలు పోసి వండేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. మిరియాలు మానేయకండి. పసుపులోని కుర్కుమిన్‌ను ఒళ్ళు బాగా పీల్చుకునేలా చేసేది మిరియంలోని పైపరిన్. కొబ్బరిపాలు ఏ రోజువి ఆ రోజే వాడేయాలి.

ఎండాకాలానికి సుగంధి వేరు. రాయలసీమ వైపు నన్నారి షర్బత్ తాగినవాళ్ళకు ఆ వాసన తెలుసు. వేరు కడిగి, దంచి, లోపలి గట్టి పుల్ల తీసేసి, బెరడు రెండు టేబుల్ స్పూన్లు ఒక గ్లాసు వేడినీళ్ళలో రాత్రంతా మూతపెట్టి నానబెట్టండి. మరిగించకండి, మరిగిస్తే ఆ పరిమళమంతా ఆవిరిలో పోతుంది. ఉదయం వడకట్టి, చల్లటి జీడిపప్పు పాలు, ఐసు, కొంచెం బెల్లం నీళ్ళు కలిపి చిలకండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

జీడిపప్పు, బాదం పడనివాళ్ళు ఎలాగూ తాగకూడదు, మీ ఇంటికి వచ్చే అతిథిని కూడా ముందే అడగండి. ఏడాది లోపు పిల్లలకు ఈ పాలు తల్లిపాలకు బదులుగా ఎప్పుడూ పట్టొద్దు. పెద్దవాళ్ళకు కూడా ఇంట్లో చేసిన జీడిపప్పు పాలు కాల్షియం విషయంలో గేదెపాలకు సాటిరావు. పాలు పూర్తిగా మానేసినవాళ్ళు రాగులు, నువ్వులు, ఆకుకూరలు పెంచుకోవాలి. మేం నాన్నకు పొద్దున్న రాగిజావ మొదలుపెట్టాం.

రుచి కోసం అతిమధురం వేసుకుంటామని కొందరంటారు. బీపీ ఉన్నవాళ్ళు అది రోజూ వాడకూడదు, బీపీని పెంచుతుంది. అశ్వగంధ పొడిని కూడా ఈ మధ్య లాటేల్లో కలుపుతున్నారు. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు, కాలేయం ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోవద్దు. ధనియాలు, జీలకర్ర, మిరియాలు మనం రోజూ తినే వంట దినుసులే కాబట్టి వాటితో ఆ టెన్షన్ లేదు. ఎసిడిటీ ఉన్నవాళ్ళు మాత్రం సొంఠి, మిరియాలు సగానికి తగ్గించి, ఆ మేరకు ధనియాలు పెంచుకోండి.

యాలకులు పొడిలో కలపొద్దన్న సంగతికి వస్తాను. డికాషన్ ఒక్కోసారి మిగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడిచేస్తే ఆ వాసన ఉండదు. కానీ దినుసులు చూడండి, ధనియాలు, మిరియాలు, జీలకర్ర, అన్నీ చారుపొడివే. రాత్రికి చారు కాచేటప్పుడు మిగిలిన డికాషన్ నాలుగు గరిటెలు అందులో పోసేయండి. బెల్లం కలిపినదైనా ఫర్వాలేదు, చికరీ వేసినది మాత్రం వద్దు. యాలక్కాయ పడి ఉంటే ఈ దారి మూసుకుపోయేది. చింతపండు పులుసు మరుగుతున్నప్పుడు పోసి, ఒక్క పొంగు రానిచ్చి, ఇంగువ తాలింపు పెట్టండి. ఆ రోజు చారుపొడి వేయక్కర్లేదు.